గీత దాటిన బూజు

నలుగురూ చూస్తుండగా మరిది వైపు వేలు చూపించి, "నువ్వే మందులో నీళ్ళు కలిపావు" అన్నది పెద్ద కోడలు. అన్న మాట నిరూపించడానికి నాలుగు గాజు ప్లేట్లు తయారుచేసి, వెచ్చటి అలమరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకుంది. కథ అక్కడ ఆగింది. వారం గడిచింది. ఈ ఉదయం ఆ తాళం తీయాలి.

ఆ వారమంతా వదినా మరిదీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకే నడవలో భుజం తగిలేంత దగ్గరగా తిరుగుతూ కూడా, చెప్పాల్సింది గోడలకు చెప్పుకున్నారు. "డ్రమ్ము కడగాలి" అని అతను గాలితో అంటే, "కడిగితే పోయేదా ఇది" అని ఆమె కిటికీతో అనేది.

ఈ గొడవంతా కంటికి కనిపించని ఒక ప్రాణి గురించి. పెద్ద కోడలి భర్త, అంటే ఆ ఇంటి పెద్దకొడుకు, మట్టిలోంచి పట్టుకొచ్చిన బాక్టీరియా అది. టమాటా వేళ్ళ చుట్టూ కాపురం పెట్టి, ఎండు తెగులు తెచ్చే బూజును దగ్గరికి రానివ్వదు. ఆ బూజు మామూలుది కాదు. ఏళ్ళ తరబడి మట్టిలో నక్కి ఉండి, వేరులోంచి కాండంలోకి పాకి, నీళ్ళు పైకెళ్ళే దారి మూసేస్తుంది. నిన్నటిదాకా నవనవలాడిన మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది. ఒకసారి లోపలికి దూరాక పైనుంచి ఏ మందు చల్లినా దండగే. అందుకే మామగారు తన నర్సరీలో పెంచిన నారును రైతులకు ఇచ్చే ముందు, ఆ బాక్టీరియా కలిపిన నీళ్ళలో వేళ్ళు ముంచి ఇస్తారు. నారు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ ముంచడం మాత్రం అక్కడే. దానికోసమే జనం దూరం నుంచి వచ్చి ఆ గేటు ముందు నిలబడతారు.

పెద్దకొడుకు పోయి ఎనిమిది నెలలు. మనిషి లేకపోయినా అతను తెచ్చిన ప్రాణి ఉంది కదా అన్న ధైర్యంతో ఆ ఇల్లు నడుస్తోంది. పెద్ద కోడలైతే ఆ ఒక్క మాట పట్టుకునే లేచి తిరుగుతోంది.

అలాంటిది, పోయిన విడత నారు కొన్న మీసాలాయన గోనెసంచీతో తిరిగొచ్చాడు. సంచీ బోర్లించి, వాడిన మొక్క ఒకటి తీసి, కాండాన్ని గోటితో నిలువునా చీల్చి చూపించాడు. లోపల గోధుమరంగు చార. "మా మొక్కలకు కవచం తొడిగి ఇస్తున్నామన్నారు కదమ్మా! కవచం మీ ఇంట్లోనే మర్చిపోయారా ఏం?" అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు విన్నాకే ఆమె వేలు మరిది వైపు లేచింది.

ఆ గది ఒకప్పుడు విత్తనాల కొట్టు. ఇప్పుడు తెల్ల సున్నం, స్పిరిటు వాసన, గోడవారన సీసాల వరస. బల్ల ముందు ఒక ఎత్తు స్టూలు ఉంది. దాని మీద పెద్దకొడుకు కూర్చునేవాడు. పెద్ద కోడలు కూర్చోదు. ఎంతసేపయినా నిలబడే పని చేసుకుంటుంది.

మరిది గుమ్మంలోనే ఆగాడు.

"రావచ్చా, లేకపోతే ఇక్కడి నుంచే దోషినైపోమంటావా?"

"రా."

"జనాన్ని పిలిపించమంటావా వదినా? ఆ రోజు అందరి ముందూ అన్నావుగా. తీర్పు కూడా అందరి ముందే చెప్పు. మీసాలాయన పొద్దున్నే గేటు దగ్గరే ఉన్నాడు, పాపం, పనేం లేనట్టుంది."

"అక్కర్లేదు. గోడలు చాలు."

"అవునులే. ఈ మధ్య గోడలతో నీకు బాగా కలిసింది."

ఆమె అలమర తాళం తీసింది.

పరీక్ష చాలా తేలికైనది. ప్లేటులో జావలా గడ్డకట్టిన ఆహారం ఉంటుంది. మధ్యలో ఎండు తెగులు బూజు ముక్క పెడతారు. దానికి అటొకటి ఇటొకటి బాక్టీరియాతో గీతలు గీస్తారు. బాక్టీరియాకు సత్తా ఉంటే బూజు గీత దగ్గరికి రాలేదు. మధ్యలో ఎవరూ అడుగుపెట్టని ఖాళీ నేల మిగిలిపోతుంది. సత్తా లేకపోతే బూజు గీతను తొక్కుకుంటూ వెళ్ళిపోతుంది. అంతే. చదువు రానివాళ్ళు చూసినా తెలిసిపోతుంది.

నాలుగు ప్లేట్లలో ఒకటి రైతులకు అమ్మే ప్యాకెట్టులోది. ఒకటి మరిది నడిపే పెద్ద డ్రమ్ములోది. ఇంకొకటి, డ్రమ్ములో పోయడానికి ముందు పెంచే సీసాలోది. నాలుగోది మూల ట్యూబులోది. అన్నిటికీ పుట్టిల్లు ఆ ట్యూబే. దాన్ని పెద్ద కోడలు తప్ప ఎవరూ ముట్టరు.

ఆమె లెక్క ఆమెకుంది. మొదటి రెండూ ఓడిపోతాయి. చివరి రెండూ గెలుస్తాయి. దొంగతనం ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది.

మొదటి ప్లేటు తీసి వెలుతురులో పెట్టింది. తెల్లటి బూజు దూదిలా పరుచుకుని, రెండు గీతల్నీ కప్పేసి, అంచు దాకా పోయింది.

"చూశావా" అంది.

"చూశాను."

రెండోది కూడా అంతే. ఆమె గొంతు ఇంకొంచెం గట్టిపడింది. "ఇది నీ డ్రమ్ము. ఇప్పుడు కూడా కలపలేదనే అంటావా?"

"ఇప్పుడూ అంటాను. కలపలేదు. డ్రమ్ములో నీళ్ళ మట్టం కోసం గీసిన గుర్తు చూడు, మీ ఆయన గీసిందే. దాన్ని ఒక్క వేలు కూడా దాటలేదు."

"మీ అన్నయ్య పేరు ఎత్తకు."

"సరే. నువ్వు మూడోది తియ్యి."

మూడోదీ తెల్లగానే ఉంది. ఆమె నొసలు ముడిపడింది. సీసాలో నీళ్ళు కలిపి లాభపడేవాళ్ళు ఎవరూ లేరు. అది అమ్మేది కాదు. మరిది ఎందుకో గొంతు తగ్గించి, "వదినా, నాలుగోది నేను తియ్యనా?" అన్నాడు.

"నాకు చేతులున్నాయి."

నాలుగో ప్లేటు తీసి, మూత ఎత్తింది.

మూత మళ్ళీ పెట్టేసింది.

ప్లేటు తిప్పి అడుగున రాసింది చదివింది. రాత తనదే. మళ్ళీ మూత ఎత్తింది. బూజు అక్కడే ఉంది. తన చేత్తో తను గీసిన రెండు గీతల మీదుగా, అడ్డూ ఆపూ లేకుండా, సొంత పెరట్లో నడిచినట్టు నడిచిపోయింది. గీతలు దాని కింద సన్నగా కనిపిస్తున్నాయి. ఖాళీ నేల లేదు. గోరంత కూడా లేదు.

"ఎవరో మార్చారు" అంది. అన్నదని ఆమెకు తెలియలేదు.

మరిది ఆ మాటకు ఎగిరిపడతాడనుకోవాలి. వారం రోజులు దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు అప్పజెప్పవచ్చు. అతను అలా చేయలేదు. నెమ్మదిగా, "తాళంచెవి నీ జేబులోనే ఉంది వదినా" అన్నాడు.

ఆమె ఫ్రిజ్ తలుపు తీసి మూల ట్యూబు బయటికి తీసింది. తీగ కాల్చి, చల్లార్చి, కాస్త తీసి గాజు పలక మీద రుద్ది, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆమె కన్ను కటకం దగ్గర చాలాసేపు ఉండిపోయింది. పొట్టి పుల్లల్లాంటి ఆకారాలు ఎప్పటిలాగే చకచకా ఈదుతున్నాయి. తర్వాత అదే ట్యూబులోంచి పెంచిన, బూజు పెట్టని మరో ప్లేటును నీలం దీపం కింద పెట్టింది. బాక్టీరియా గుంపులు కట్టిన మచ్చలు పచ్చగా మెరిశాయి. ఆ మెరుపు ఆమెకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో అతను ఆమెను ఈ గదిలోకి పిలిచి, లైటు ఆర్పి, మొదటిసారి చూపించింది ఆ మెరుపునే.

"అతనే" అంది. వెంటనే సర్దుకుని, "అదే. అదే బాక్టీరియా. బతికే ఉంది" అంది.

మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ, "బతికే ఉంది. నేను కాదనలేదు" అన్నాడు.

"బతికుంటే మరి బూజును ఎందుకు ఆపలేదు?"

అప్పుడే ప్యాకింగు షెడ్డులో పనిచేసే నవ్వులమ్మ తలుపు సందులోంచి తల పెట్టింది. ఆమె అసలు పేరు ఆ ఆవరణలో ఎవరికీ గుర్తులేదు. "లోపల కొట్టుకుంటున్నారా, మాట్లాడుకుంటున్నారా? కొట్టుకుంటుంటే వెళ్ళిపోతాను. మాట్లాడుకుంటుంటే కాసేపు ఉంటాను, వారమైంది మీ ఇద్దరి గొంతూ ఒకచోట విని."

ఎవరూ నవ్వలేదు.

"పెద్దాయన అడగమన్నారు. రేపు పొద్దున్నే లారీ వస్తుందట. సాయంత్రానికి ముంచడం మొదలెట్టాలి, డ్రమ్ము ఎప్పుడిస్తారు అంటున్నారు" అని, ఇద్దరి మొహాలూ చూసి, "నేనే వెళ్ళి, వినపడలేదని చెప్తాలే" అంటూ తల వెనక్కి తీసుకుంది.

రేపటి లారీ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ ఏడాది అదే పెద్ద విడత. కొన్నవాళ్ళందరివీ పోయినేడు ఎండు తెగులు వచ్చిన పొలాలే. వేళ్ళు ముంచి ఇస్తామన్న మాట మీద మళ్ళీ టమాటా వేయడానికి ఒప్పుకున్నారు. లేకపోతే ఆ నేలలో ఎవరూ మొక్క నాటరు.

మరిది లోపలికి వచ్చి బల్లకు ఆనుకున్నాడు.

"వదినా, ఒకటి అడుగుతాను. కోప్పడకు. వారం వారం పాత ప్లేటులోంచి కొత్త ప్లేటులోకి మారుస్తావు కదా. పాత ప్లేటు నిండా మచ్చలుంటాయి. వాటిలో దేన్ని తీస్తావు?"

"ఇదేం ప్రశ్న? మంచిదాన్ని."

"మంచిదంటే?"

"పెద్దగా, గుండ్రంగా ఉన్నదాన్ని. నునుపుగా, మరకేదీ లేకుండా ఉంటుందే, దాన్ని."

"మిగతావి?"

"చిన్నవి కొన్ని ఉండేవి. అణిగిపోయినట్టు, అంచున గోధుమరంగు పట్టి మురికిగా. కల్తీ పడిందేమోనని వాటి జోలికి వెళ్ళేదాన్ని కాదు. నిజానికి ఈ మధ్య అవి కనిపించడం కూడా మానేశాయి. చేయి తిరిగింది, శుభ్రంగా వస్తోంది అనుకున్నాను."

మరిది కళ్ళు మూసుకున్నాడు. ఎవరైనా ఎదురుగా నిలబడి మెట్టు మీంచి జారుతుంటే, పట్టుకోవడానికి చేయి అందకపోతే, మనిషి కళ్ళు అలాగే మూసుకుంటాడు.

"ఏమిటి? చెప్పు."

"అన్నయ్య మురికివాటినే తీసేవాడు."

ఆమెకు ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు.

"నేను ఓసారి అడిగాను వదినా. ఇంత అందమైనవి పెట్టుకుని ఆ దరిద్రపు వాటిని ఏరుతున్నావేంట్రా అని. నవ్వాడు. ఆ గోధుమరంగే దాని ఆయుధంరా అన్నాడు. బూజును చంపే విషం అది తయారుచేసుకుంటుంటే అంచు అలా రంగు తిరుగుతుందట. మట్టిలో దానికి శత్రువులుంటారు, తిండి తక్కువ, ఆయుధం లేకపోతే రోజు గడవదు. మన ప్లేటులో ఏముంది? కడుపు నిండా తిండి. శత్రువు లేడు. కొన్ని ఆయుధం చేయడం మానేస్తాయట. ఆ మిగిలిన బలమంతా ఒంటికి పట్టి, పెద్దగా, నున్నగా, అందంగా పెరుగుతాయట. చూడ్డానికి అదే జాతి. అదే మెరుపు. కొట్లాటకు మాత్రం పనికిరావు."

పెద్ద కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"అంటే నేను…"

"వారం వారం ఆయుధం పారేసినదాన్నే ఏరావు వదినా. నీకు తెలియక."

ఆమె నాలుగో ప్లేటును బల్ల మీద వెనక్కి నెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"ఎప్పుడు చెప్పను? ఈ గదిలోకి నన్ను రానిచ్చింది ఇవాళే."

అది నిజం. అతను పోయిన తర్వాత ఆ గది ఆమె ఎవరికీ ఇవ్వలేదు. పెద్దకొడుకు ప్రతి విడతకూ ముందు ఈ నాలుగు ప్లేట్ల పరీక్ష చేసేవాడు. అదీ ఆమె మానేసింది. బద్ధకం వల్ల కాదు. అతని బాక్టీరియాను పరీక్షించడం అంటే అతన్ని అనుమానించినట్టు ఉండేది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడితే చాలనుకుంది. బిడ్డకు పెట్టినట్టు మంచి ఆహారం పెట్టింది. ఎప్పటికప్పుడు వాటిలో చూడముచ్చటగా ఉన్నదాన్ని ఎంచుకుంది. ప్రేమగానే, ఎంతో జాగ్రత్తగానే, అతను ఇన్నేళ్ళు కాపాడింది కాస్తా తన చేత్తో ఎనిమిది నెలల్లో మాపేసింది.

"ఫ్రీజర్‌లో అసలుది దాచేవాడు కదా" అంది, అప్పుడే గుర్తొచ్చినట్టు. మరుక్షణమే మిగతాదీ గుర్తొచ్చింది. అతను పోయిన రోజు ఇంటి నిండా జనం. ఉక్కపోతగా ఉందని ఎవరో ఫ్రీజర్ ప్లగ్గు పీకి వరండాలో ఫ్యాను పెట్టారు. ఎవరన్నది ఎవరూ అడగలేదు. కొన్ని రోజుల తర్వాత తలుపు తీస్తే లోపల గొట్టాలన్నీ కరిగి, కుళ్ళి, వాసన వేశాయి. అప్పుడు బల్ల మీద మిగిలిన ఒకే ఒక ప్లేటును ఆమె గుండెకు హత్తుకున్నట్టు పట్టుకుంది. ఇప్పుడున్నదంతా ఆ ప్లేటు సంతానమే.

ఇద్దరూ కలిసి గదంతా వెతికారు. పోయిన వారం ప్లేట్లు, అంతకు ముందటివి, మూలన ఉన్నవి, ఫ్రిజ్ వెనక దొరికినవి. ఒక్కో మచ్చనూ భూతద్దం కింద పెట్టి చూశారు. ఒక్క చిన్నది కనిపిస్తే చాలు. అంచున గోధుమరంగు ఉన్నది ఒక్కటి ఎక్కడైనా మిగిలి ఉంటే చాలు, దాన్నుంచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఎక్కడ చూసినా పెద్ద పెద్ద నున్నటి మచ్చలే. పాత ప్లేట్లన్నిటినీ ఆమె ఎప్పటికప్పుడు ఆవిరి కుక్కర్లో ఉడికించి పారేసేది. శుభ్రత విషయంలో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేరు.

"లేదు" అన్నాడు మరిది, చివరి ప్లేటు కింద పెట్టి.

మామగారు గుమ్మంలో చెప్పులు విడవడం వినిపించింది. మోచేతుల దాకా తడిమట్టి. "ఏమర్రా, నవ్వులమ్మ వచ్చి వినపడలేదంటుంది. ఎవరికి వినపడలేదో చెప్పదు. డ్రమ్ము సంగతేంటి?"

మరిది నోరు తెరిచాడు. పెద్ద కోడలు అతన్ని చేత్తో ఆపింది.

"మావయ్యా, చిన్నోడు నీళ్ళు కలపలేదు. తప్పు నాది. మందులో సత్తా పోయింది. పోగొట్టింది నేను." ఆ మాటలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టినట్టు చెప్పింది. తర్వాత మరిది వైపు తిరిగి, "మీసాలాయన గేటు దగ్గరే ఉన్నాడన్నావుగా. ఇదే మాట అక్కడికి వచ్చి చెప్తాను" అంది.

"అదంతా ఎందుకు వదినా."

"అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెప్పాలి."

మామగారు నాలుగు ప్లేట్లనూ వంగి చూశారు. ఆయనకు బాక్టీరియా గురించి పెద్దగా తెలియదు, గాని ఖాళీ నేల ఎలా ఉండాలో తెలుసు. ఎన్నోసార్లు కొడుకు చూపించాడు.

"అయితే రేపు ముంచినా…"

"ముంచినా ముంచకపోయినా ఒకటే మావయ్యా."

ఆయన ఫోను తీసి, మట్టి వేలితోనే నొక్కి, లారీ అతనితో రెండే మాటలు మాట్లాడారు. రావద్దన్నారు. కారణం చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "చచ్చేదని తెలిసి నారు అమ్మను. ఇంకో రెండు వారాలు ఆపగలను. ఆ తర్వాత కాడలు ముదిరిపోతాయి, నాటినా నిలవవు. ఆ లోపల ఏదైనా చేయగలరా?" అని అడిగారు.

"చేయవచ్చు" అంది ఆమె. ఆ పొద్దున మొదటిసారి ఆమె గొంతులో కాస్త ఊపిరి వచ్చింది. "అసలు అది వచ్చిన మట్టి దొరికితే చేయవచ్చు. మట్టిలో ఉన్నది ఆయుధం పారేసి ఉండదు. అక్కడి మొక్కల వేళ్ళు కడిగి, ప్లేట్ల మీద పెంచి, ఈసారి చిన్నవాటిని ఏరుతాను. ప్రతి ఒక్కదాన్నీ బూజు ఎదురుగా నిలబెట్టి చూస్తాను. రెండు వారాల్లో డ్రమ్ముకు సరిపడా పెంచలేమా చిన్నోడా?"

"పెంచగలం. నిద్ర మానేస్తే పెంచగలం."

"మట్టి ఎక్కడిదని ఎన్నిసార్లు అడిగినా మనింటి మట్టే అనేవాడు. అంటే ఈ ఆవరణలోదే. వెనక మడుల దగ్గర మొదలుపెడదాం. పార తీసుకురా."

మరిది అప్పటికే గుమ్మం దాటాడు.

"తవ్వకండి" అన్నారు మామగారు.

ఇద్దరూ ఆగిపోయారు.

"ఇక్కడిది కాదు."

"ఇక్కడిది కాదని మీకెలా తెలుసు మావయ్యా?"

ఆయన చుట్టూ చూసి, ఎవరూ కూర్చోని ఆ ఎత్తు స్టూలు మీద కూర్చున్నారు. ఆమె వద్దనలేకపోయింది.

"నది అవతల ఒక పెరడు ఉంది. చుట్టుపక్కల అందరి టమాటాలూ ఎండిపోయినా అక్కడ మాత్రం ఏటా అదే నేలలో కాస్తాయి. ఒక్క మొక్క కూడా పోదు. వాడు మట్టి తెచ్చింది అక్కడి నుంచి."

"ఎవరి పెరడు?" అన్నాడు మరిది.

"మీ అమ్మది."

మరిది తనకు వినపడింది సరిగ్గానే వినపడిందా అన్నట్టు వదిన వైపు చూశాడు. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అత్తగారు లేరు. లేరనే అందరూ చెప్పారు. భర్త కూడా ఆ మాటే చెప్పాడు.

"నాన్నా, నాకు మూడేళ్ళప్పుడు అమ్మ చనిపోయిందన్నావు."

"అన్నాను."

"చనిపోయిందనే అన్నావు!"

"అన్నానురా. నువ్వు పసివాడివి, నమ్మావు. మీ అన్నయ్యకు పదేళ్ళు. వాడు నమ్మలేదు. పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్ళాడు. నీకు చెప్పనని నా దగ్గర ఒట్టు వేశాడు." ఆయన కోడలి వైపు తిరిగారు. "నీక్కూడా చెప్పలేదా అమ్మా?"

పెద్ద కోడలు తల అడ్డంగా ఊపింది.

"సోమవారాలు మట్టి కోసం వెళ్ళేవాడు" అంది. "సంచీతో తెచ్చేవాడు కూడా. నా ముందే బల్ల మీద పోసేవాడు."

"మట్టి కోసమే వెళ్ళేవాడు. ఆమె కోసమూ వెళ్ళేవాడు. ప్రతి సోమవారం."

మరిది గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా లేని మనిషి ఒక్క మాటతో నది అవతల వచ్చి నిలబడింది. ఆ గదిలో ఇక గాలి చాలడం లేదు.

ముందు తేరుకున్నది పెద్ద కోడలే. తేరుకున్నదని కాదు. చేయాల్సిన పని ఒకటి కళ్ళ ముందుంది, దాన్ని పట్టుకుంది. కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"దారి చెప్పండి మావయ్యా. నేను వెళ్తాను. మట్టి ఇవ్వనంటుందా?"

"ఇస్తుంది. అడిగితే ఏదైనా ఇస్తుంది."

"నన్ను చూడ్డానికి ఇష్టపడదా?"

"నీ గురించి వాడు చెప్పే ఉంటాడు. నిన్ను లోపలికి పిలుస్తుంది."

"మరి ఎందుకలా ఉన్నారు?"

మామగారు మట్టిచేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నారు.

"వాడు పోయిన వారానికి నేను వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. గేటు బార్లా తీసి ఉంది. ఆ రోజు సోమవారమని నాకు అక్కడికి వెళ్ళాక తట్టింది. మొక్కలకు నీళ్ళు పోస్తోంది. నన్ను చూసింది. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే అడగాల్సినవి చాలా ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. చెంబు కింద పెట్టి, వాడు రాలేదేం అంది."

"మీరేమన్నారు?"

ఆయన తలెత్తలేదు.

"పని మీద దూరం వెళ్ళాడన్నాను. రాగానే పంపిస్తానన్నాను."